చల్లదనం తెలియని పన్ను

సహోదరులారా, సహోదరీలారా, ప్రతి ఆదివారం ఈ సమయానికి నేను ఆ స్తంభం పక్కన నిలబడి ఫోనులో లైవ్ తీస్తుంటాను, మీలో చాలామందికి నా ముఖం కంటే నా ఫోను వెనక అట్టే బాగా తెలుసు. ఈ రోజు ఆ ఫోను మా అక్క చేతికిచ్చి ముందుకొచ్చాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నా పేరు ప్రవీణ్, పుట్టింది పెరిగింది ఈ కర్నూల్లోనే, సెల్ షాపులో రిపేర్లు చేస్తాను. ఈ పన్ను గురించి ఇదే చోట ఇంతకుముందు ఒకసారి సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు. ఆ రోజు సగమే చెప్పానని నాకూ తెలియదు.

ఎండలు ముదిరే రోజుల్లో కింది దవడ కుడివైపు పన్ను పట్టుకుంది. పట్టుకోవడమంటే మామూలుగా కాదు, దవడలోంచి చెవిదాకా ఎవరో తీగ దూర్చి లాగుతున్నట్టు, గుక్కెడు నీళ్ళు తాగితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి, షాపులో కూర్చుంటే ధ్యాస తప్పి ఎవరిదో ఫోను బోర్డు కాల్చేశాను. ఫోనులో వెతికితే ఒకరు లవంగం పెట్టమంటారు, ఒకరు పెడితే చిగురు కాలుతుందంటారు, ఇంకొకరు గుండెపోటు కూడా ఒక్కోసారి దవడ నొప్పితోనే మొదలవుతుందంటారు, అది చదివాక పన్ను వదిలేసి ఛాతీ పట్టుకుని కూర్చున్నాను. పళ్ళ ఆసుపత్రికి పోతే నా వెనకొచ్చిన ఆయనను ముందు పిలిచారు, నా కోపం మీకు తెలియంది కాదు, కౌంటరు దగ్గర గొడవ పెట్టుకుని చూపించుకోకుండానే బయటికొచ్చేశాను. నొప్పి కూడా నాతోపాటే బయటికొచ్చింది.

అలాంటి చీకట్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చాను. అయ్యగారు నా దవడకు నూనె రాసి ప్రార్థించారు, నేను మోకాళ్ళ మీద ఒకటే మాట అన్నాను, "ప్రభువా, నా వల్ల కావడం లేదు, ఈ నొప్పి తీసెయ్యి." తెల్లారి లేచేసరికి నొప్పి లేదు! వేలితో నొక్కి చూశాను, లేదు. షర్బతు బండి దగ్గరికి పోయి ఐసు బాగా వేయించుకుని సుగంధి తాగాను, ఐసు ముక్క ఆ పన్ను మీదే పెట్టుకుని నమిలాను, జివ్వుమని కూడా అనలేదు. అదంతా వీడియో తీసి స్టేటస్ పెట్టాను, మన గ్రూపులో ఆమెన్ల మీద ఆమెన్లు పడ్డాయి, ఆ ఆదివారమే ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పాను.

ఆరాధన అయ్యాక మన మరియమ్మవ్వ నా చెయ్యి పట్టుకుంది. మా వీధిలోనే ఒక్కతే ఉంటుంది, షుగరు మనిషి, కుడికాలి చిటికెన వేలి దగ్గర పుండు లేచి ఆసుపత్రిలో కట్టు కట్టించుకుంటూ ఉండేది.

"ప్రవీణూ, నీ పన్ను మాదిరే నా కాలు గూడా అయిపోయిందిరా. ముందు శానా సలిపేది, ఇప్పుడు ఏమీ తెలీదు. ఇంగ ఆసుపత్రికి ఎందుకు పోయేది?"

"నొప్పి పోయిందంటే నయమైనట్టే గదవ్వా," అన్నాను. ఆమె నవ్వుతుంటే ఫోటో తీసి అది కూడా స్టేటస్ పెట్టాను.

తర్వాత ఏం జరిగిందో నాకే అర్థం కాలేదు. నొప్పి లేదు గానీ నోట్లో ఏదో చేదు ఊరుతుంది, చిగురు మీద చిన్న పొక్కు లేచింది, దాన్ని నొక్కితే చీము, తర్వాత బుగ్గ ఉబ్బడం మొదలైంది. అప్పుడు కూడా పన్ను నొప్పి లేదు. "ఏమ్రా, బుగ్గలో సంగటి ముద్ద దాచుకున్నావా?" అని మా అమ్మ అడిగితే ఆమె మీద అరిచాను. మాస్కు పెట్టుకుని తిరిగాను, లైవ్ తీసేటప్పుడు కూడా తీయలేదు. ఆసుపత్రికి పోతే సాక్ష్యం అబద్ధమైపోతుంది, పోకపోతే బుగ్గ రోజురోజుకీ పెరుగుతుంది. "ప్రభువా, నువ్వు నొప్పి తీసేశావా, దాచిపెట్టావా? నేను నిన్ను నమ్మాలా, అద్దాన్ని నమ్మాలా? ఏదో ఒకటి చెప్పు" అని ప్రార్థించాను, అది ప్రార్థనో గొడవో నాకు తెలియదు. జవాబు రాలేదు, జ్వరం వచ్చింది.

చివరికి అయ్యగారే నన్ను పక్కకు పిలిచి మాస్కు తీయించారు.

"ఏమప్పా, బుగ్గ కప్పుకుంటే దేవునికి కనపడదనుకున్నావా? ఫస్టు పోయి చూపించుకో."

"మరి నేను చెప్పిన సాక్ష్యం, అయ్యగారూ?"

"దేవుని పేరు నిలబెట్టడానికి నీ బుగ్గ అక్కర్లేదులే, పో."

అదే పళ్ళ ఆసుపత్రికి మళ్ళీ పోయాను. కౌంటరులో అమ్మాయి నన్ను గుర్తుపట్టింది, "ఈసారన్నా కూర్చుంటావా అన్నా?" అంది, తలొంచుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ మన ఊరి ముస్లిం ఆమె, నా కంటే కొంచెం పెద్దదేమో. కుర్చీలో పడుకోబెట్టి, మెడకు కాగితం గుడ్డ తగిలించి, దూదికి చల్లటి మందేదో కొట్టి మొదట పక్కనున్న పన్నుకు తాకించింది, ఎగిరిపడ్డాను. తర్వాత నా పన్నుకు పెట్టింది, ఏమీ తెలియలేదు. నాకు ధైర్యం వచ్చేసింది.

"చూసినారా మేడం, దీనికే ప్రార్థన చేసింది. బాగైపోయింది."

ఆమె నవ్వలేదు. "బాగున్న పన్నుకు సల్లదనం తెలుస్తాదప్పా. నీదానికి తెలీలేదంటే లోపల నరం సచ్చిపోయినట్టు. అది సచ్చినాకే నీకు నొప్పి ఆగింది. కింద చీము పడతానే ఉండాది."

నాకు కోపం తన్నుకొచ్చింది, కుర్చీలో లేచి కూర్చున్నాను. "అంటే దేవుడు చేసింది ఏమీ లేదంటారా?"

"ఆయన చేసింది ఆయన్నే అడుగు, నేను పండ్ల డాక్టరును. నొప్పి లేకపోతే రోగం లేదనుకోవద్దు, అంతే నేను చెప్పేది. షుగరోళ్ళను చూడలేదా, కాల్లో మేకు దిగినా తెలీదు వాళ్ళకు."

సహోదరులారా, ఆ మాట వినగానే నా పన్ను, నా బుగ్గ, నా సాక్ష్యం అన్నీ మర్చిపోయాను. మరియమ్మవ్వ నవ్వుతున్న ఫోటో ఒక్కటే కళ్ళ ముందు నిలిచింది. "ఇప్పుడే వస్తా మేడం" అని మెడలో ఆ కాగితం గుడ్డతోనే పరిగెత్తి బండెక్కాను.

అవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. దగ్గరికి పోతేనే వాసన వచ్చింది.

"అవ్వా, లెయ్, ఆసుపత్రికి పోదాం."

"ఏమిటికి? నువ్వే చెప్తివి గదరా, నొప్పి పోతే నయమైనట్టేనని. ఇప్పుడు నువ్వే మాట మారుస్తాండావు. యాదో ఒకటి చెప్పు, నాకేం తెలుస్తాది?"

కోపంగా అరిస్తే అవ్వ వినే మనిషి కాదు, బైబిలు వచనం చెప్పాలంటే నాలుక తిరగలేదు. లోపలికి పోయి కుండలో నీళ్ళు గ్లాసుతో ముంచుకొచ్చాను, అవ్వను గోడవైపు చూడమన్నాను, చల్లటి గ్లాసును ఆమె అరికాలికి ఆనించి పట్టుకున్నాను.

"ఇంగ పెట్రా, ఎంతసేపు చూస్తుండాల నేను గోడను?" అంది అవ్వ.

"పెట్టినా అవ్వా. పెట్టే ఉండాది."

ఆమె తిరిగి చూసింది. గ్లాసు వైపు, కాలి వైపు, నా వైపు. తర్వాత బియ్యం చేట పక్కన పెట్టి, "ఆ కొక్కేనికి ఉన్న మంచి చీర తీసియ్యి, ఇట్లనే వస్తే ఏం బాగుంటాది" అంది.

పెద్దాసుపత్రిలో డాక్టర్లు చూసి, పుండు ఎముక దాకా పోయింది, ఇంకా ఆలస్యమైతే పాదమే తీయాల్సి వచ్చేదన్నారు. లోపలికి తీసుకుపోయేటప్పుడు అవ్వ నా చెయ్యి వదల్లేదు, ప్రార్థన చెయ్యమంది. నాకు మంచి మాటలు రాలేదు. "ప్రభువా, నాకేమీ అర్థం కావడం లేదు, కానీ ఈమె కాలు నీదే, నా నోరు కూడా నీదే, ఏం చేస్తావో నువ్వే చెయ్యి" అన్నాను. చిటికెన వేలు ఒక్కటి పోయింది. పాదం నిలిచింది. దేవునికే మహిమ.

అవ్వ మంచం దగ్గర మా అక్కను కూర్చోబెట్టి ఆ సాయంత్రమే మళ్ళీ పళ్ళ ఆసుపత్రికి పోయాను. డాక్టరమ్మ నా మెడలో గుడ్డ చూసి అప్పుడు నవ్వింది. పన్ను తెరిచి చీము బయటికి వదిలింది, జ్వరానికి మాత్రలిచ్చింది, మళ్ళీ మళ్ళీ పిలిచి లోపల శుభ్రం చేసి పైన తొడుగు వేసింది. కోపగించుకోకుండా నోరు తెరుచుకుని కూర్చోవడం నాకు ఆమే నేర్పింది, ఎందుకంటే నోట్లో మిషను ఉంటే కోపగించుకోవడం కుదరదు.

ఆ శనివారం పొద్దున నొప్పి ఆపింది దేవుడా, చచ్చిపోయిన నరమా అని మీరడిగితే నాకు ఇప్పటికీ తెలియదు, దాచిపెట్టకుండా చెప్తున్నాను. ఆ నొప్పి ఆగకపోయి ఉంటే నేను అప్పుడే పన్ను పీకించుకుని ఇంటికి పోయేవాణ్ణి, ఆ కుర్చీలో ఆ మాట వినేవాణ్ణి కాదు, అవ్వ గడప తొక్కేవాణ్ణి కాదు. నేను అలా చెప్పకపోయి ఉంటే అవ్వ ఆసుపత్రి మానేది కాదని కూడా తెలుసు. రెండూ కలిపి చూస్తే బుర్ర తిరుగుతుంది. నా తప్పు ఎక్కడ ఆగిందో, ఆయన కృప ఎక్కడ మొదలైందో నేను గీత గీయలేను, ఆ గీత మీద నిలబడి స్తుతించడమే నాకు చేతనవుతుంది.

మొన్న అవ్వ ఇంటినుంచి ఫోను చేసింది. "ఏమ్రా ప్రవీణూ, నర్సమ్మ కట్టు మారుస్తాంటే పుండు అంచున సుర్రుమంటాండాది, నొస్తాండాదిరా."

"నిజంగానా అవ్వా? దేవునికి స్తోత్రం," అన్నాను.

"నేను నొప్పంటే స్తోత్రమంటావేమిరా, మొండి నాయాలా," అని తిట్టింది. నర్సమ్మ ఫోను తీసుకుని, అంచున కొత్త కండ పడుతోంది, నొప్పి తెలియడం మంచిదేనని చెప్పింది, ఆ పక్కనుంచి అవ్వ నవ్వడం వినిపించింది.

ప్రియులారా, నొప్పిలో ఉన్నవాళ్ళు మీలో ఉన్నారు, నొప్పి ఆగిపోయిందని ఊరుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇద్దరూ ఆయన దగ్గరికి రండి, ప్రార్థన చేయించుకోండి, అలాగే పోయి చూపించుకోండి. ఆయన మీ నమ్మకాన్ని చూసినట్టే మీ పుండునూ చూస్తాడు, దేన్నీ కప్పుకోవద్దు. ఎవరికైనా తోడు కావాలంటే నా బండి ఉంది.

ముందు వరుసలో మరియమ్మవ్వ చెయ్యెత్తుతోంది, తనూ ఏదో చెప్పాలంట. ఉండవ్వా, లేవద్దు, మైకు నేనే తెస్తున్నాను.