తీసివేతల మాస్టారు

ఆయనకు ఒకటే జబ్బు. ఏ వస్తువును చూసినా అందులోంచి ఏదో ఒకటి తీసేయాలనిపించేది. "ఇది లేకపోతే ఏమవుతుంది?" అని అడగనిదే ఆయనకు ముద్ద దిగేది కాదు. సౌరఫలకాల పరిశోధనశాలలో అందరూ ఆయన్ని తీసివేతల మాస్టారు అనేవారు.

ఓసారి ఇంట్లో కుర్చీకి ఒక కాలు కోసేశారు. దాని మీద కూర్చున్న బావమరిది వెల్లకిలా పడ్డాడు.

"ఇదేంటి బావా!"

"ఆ కాలు అవసరమేనని ఇప్పుడు రుజువైంది" అన్నారు మాస్టారు తృప్తిగా.

అసిస్టెంటు అమ్మాయి ఇలాంటివి విని నవ్వుకునేది, తన పని జోలికి వచ్చేదాకా. పెరోవ్‌స్కైట్ అనే పదార్థాన్ని సిరాలా కలిపి గాజు మీద పలచగా పరిస్తే, అది ఎండను కరెంటుగా మారుస్తుంది. పొర నున్నగా రావాలంటే, గాజు గిర్రున తిరుగుతుండగా అదను చూసి ఘాటైన ద్రావకం చుక్కలు వేయాలి. అందులో ఆమెది తిరుగులేని చెయ్యి.

"ఈ చుక్కలు తీసేస్తే ఏమవుతుందమ్మా?"

"పొర పెచ్చులు పెచ్చులుగా వస్తుంది సార్."

అలాగే వచ్చింది. మాస్టారు వదల్లేదు. సిరాలో పాళ్లు మార్చారు, గాజును వేడి చేశారు, వేడిగాలి ఊదారు. ఎన్నో పలకలు చెత్తబుట్టలోకి వెళ్లాయి.

"పాత పద్ధతి బాగానే ఉందిగా! ఎందుకీ తిప్పలు?" అని డైరెక్టరు విసుక్కున్నారు.

"బద్ధకం సార్. ఒక పని తగ్గుతుంది."

చివరికి చుక్క పడకుండానే అద్దంలాంటి పొర వచ్చింది. కరెంటు పాతదానికి తీసిపోలేదు. వారాల తరబడి దీపం కింద ఉంచినా తగ్గలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, అసిస్టెంటు తప్ప.

"నా పని తీసేశారు. ఇక నన్నూ తీసేస్తారా సార్?"

మాస్టారు కంగారుపడ్డారు. "నిన్నెందుకమ్మా? మాస్కు పెట్టుకున్నా సరే, చుక్కలు వేసినప్పుడల్లా మెట్ల మీదికెళ్లి దగ్గుతున్నావు. ఆ దగ్గు తీసేయడం నాకు చేతకాదు. అందుకని చుక్కలు తీసేశాను."

"మరి బద్ధకం అన్నారు?"

"నిజం చెబితే డైరెక్టరుగారు నిన్ను వేరే సెక్షనుకి పంపేసేవారు. ఇంత పనిమంతురాలు నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?"

మిగిలిన ద్రావకం సీసాను స్టోరులో తిరిగి ఇచ్చేయడానికి ఆమె చెయ్యి చాచింది. మాస్టారు చటుక్కున దాన్ని లాక్కున్నారు. పసిపిల్లను మోసినట్టు రెండు చేతులా పట్టుకుని గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి కసిరారు.

"నువ్వు రాకు!"