మిరప చెయ్యి, మా ఆవిడ పెదవులు

మా ఆవిడ పెదవులకి మందు కోసం గుంటూరులో ఉన్న షాపులన్నీ గాలించాను. అన్నీ అంటే మూడు. ఇంకా నిజం కావాలంటే ఒకటే, అదీ బస్టాండుకి ఎదురుగా ఉందని.

ఆవిడకి ముట్లుడిగి ఆరేళ్లయింది. మొదట్లో ఒళ్లంతా సెగలు, ఉన్నట్టుండి చెమటలు. అవి సర్దుకున్నాయనుకునేలోగా పొడితనం పట్టుకుంది. కళ్లు, చర్మం, అన్నిటికన్నా పెదవులు. నిండుగా ఉండేవి పలచబడ్డాయి, చుట్టూ సన్నటి గీతలు పడ్డాయి, పొట్టు లేచేది. ఎండలు ముదిరేసరికి కింది పెదవి నడిమధ్య చీలి రక్తం వచ్చింది. పండుమిరప పచ్చడి కలిపిన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసేది.

ప్రత్తిపాడులో బస్సెక్కి గుంటూరు లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. వైద్యమంతా నేనే చర్చించానని ఊళ్లో చెప్పుకున్నాను గానీ, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల డాక్టరమ్మ చెప్పింది తిరుగు బస్సులో మా ఆవిడ చెబితే విన్నదే. ఈ వయసులో ఒంట్లో జిడ్డు తగ్గిపోతుందట, పెదవులకి అసలే జిడ్డు ఉండదట. నాలుకతో తడపొద్దు, పొట్టు పీకొద్దు, రంగూ వాసనా లేని ఆయింట్‌మెంటు రోజుకి నాలుగైదుసార్లు రాసుకో, ఎండలోకి వెళితే కొంగు కప్పుకో, కారం తగ్గించు. కారం తగ్గించమని మా జిల్లాలో చెప్పడానికి గుండె కావాలి.

పది రోజులు బుద్ధిగా రాసుకుంది. చీలిక పూడుతోంది. అప్పుడు నాకు సరదా పుట్టింది.

ఆ రోజు పొద్దుట కల్లంలో ఎండబోసిన మిరపకాయల్లోంచి తాలుకాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, ఏరుతున్నాం. ముప్ఫై బస్తాలు ఒంటిచేత్తో ఏరానని చెబుతుంటాను. ఏరింది కూలికొచ్చిన ఆడవాళ్లు. వాళ్ల పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ నేనొక గంప ఏరాను. ఆ గంపే చాలింది.

ఇంటికొచ్చి చేతులు సబ్బుతో కడిగాను. కాయ పట్టిన చేతికి ముందు నూనె రుద్ది, ఆ తర్వాత సబ్బు పెట్టాలని ఇక్కడ పసిపిల్లల తల్లులందరికీ తెలుసు. నాకూ తెలుసు. యాభై ఏళ్లుగా కాయ పట్టీ పట్టీ నా వేళ్లు మొద్దుబారాయి, మంట తెలియదు. ఆవిడ అద్దం ముందు డబ్బా తెరిచింది. నేను రాస్తానని లాక్కున్నాను. పెళ్లయి ముప్ఫై అయిదేళ్లు, ఒక్కనాడూ అలాంటి పని చేసినవాణ్ని కాదు. ఆవిడ కళ్లు మూసుకుని మొహం ఎత్తింది. కాస్త సిగ్గుపడింది కూడా.

ఆ సిగ్గు నిమిషం నిలవలేదు. కుళాయి దగ్గరికి పరుగెత్తింది. చల్లటి మజ్జిగలో గుడ్డ ముంచి గంటసేపు మూతికి అదుముకు కూర్చుంది. ఈలోగా నేను కన్ను నలుపుకున్నాను, అది భగ్గుమంది. విషయం నాకు అప్పుడే తెలిసిపోయింది. ఆవిడేమో మందు పడలేదంది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, అది డూప్లికేటు మందనీ, షాపువాడి అంతు చూస్తాననీ.

ఆవిడ డబ్బాని బీరువా మీదికి తోసేసింది. పెదవి మళ్లీ చీలింది, ఈసారి మూలల్లో కూడా. గంజీ, పెరుగన్నం చెంచాతో తినేది. మర్నాడు షాపుకి వెళ్లి గొడవపడ్డాననీ, వాడు చేతులు పట్టుకు బతిమాలాడనీ చెప్పాను. నల్లపాడులో తెలిసినవాళ్లింట్లో టీ తాగి వచ్చానంతే. ఆవిడ నమ్మింది. నాకు కాలు నిలవలేదు. వాకిట్లోకి, కల్లంలోకి, మళ్లీ వాకిట్లోకి. కూర్చుంటే లేవాలి, లేస్తే ఎందుకు లేచానో తెలియదు. నా కోతలు ఊరందరికీ అలవాటే, వాటివల్ల ఎవరికీ ఏమీ పోలేదు. దీనివల్ల మా ఆవిడకి రక్తం కారుతోంది.

మూడు రోజులు గడిచాయి. నాలుగోనాడు పక్కింటావిడ వచ్చింది. ఆవిడకీ అదే వయసు, అదే బాధ. మందు పేరు చెప్పమంది. మా ఆవిడ వద్దంటే వద్దంది, దాన్ని రాస్తే నోరు కాలిపోతుందని పెదవి చూపించింది. పక్కింటావిడ భయపడి లేవబోయింది.

"మందు మంచిదేనమ్మా," అన్నాను. "నేనే తాలు ఏరిన చేత్తో, నూనె రుద్దుకోకుండా రాశాను. షాపుకీ వెళ్లలేదు."

పక్కింటావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు.

"మూడ్రోజులు నేను గంజి తాగుతుంటే, ఎదురుగా కూర్చుని పచ్చడన్నం తిన్నారు కదండీ."

తిన్నాను. రెండోసారి వడ్డించుకున్నాను కూడా. ఇందులో నేను కల్పించి చెప్పింది ఏమీ లేదు.

ఆవిడ లేచి డబ్బా దించింది. నా వేలు తగిలిన పైపొరంతా దూదితో తీసి పారేసి, తనే రాసుకుంది. పక్కింటావిడకి మందు పేరు కాగితం మీద రాసిచ్చింది.

పెదవులు ఇప్పుడు నయం. గీతలు అలాగే ఉన్నాయి, అవి పోవని డాక్టరమ్మ ముందే చెప్పిందట. డబ్బా తెరిచే ముందు ఆవిడ నన్ను కల్లంలోకి వెళ్లారా అని అడుగుతుంది. లేదంటే నమ్మదు, చెయ్యి పట్టుకుని వేళ్లు వాసన చూస్తుంది. ఏ వాసనా లేకపోయినా సరే, తనే రాసుకుంటుంది. నేను పక్కనే నిలబడి ఉంటాను. కూర్చోబుద్ధి కాదు.