నల్లగోడ మీద నడిచే మనిషి

రాయగడలో నేను పనిచేసే బాలికల హాస్టల్ ముందు, వానలు వెనకబట్టగానే, మునిసిపాలిటీ వాళ్ళు కాలవ పొడుగునా బ్లీచింగు పౌడరు చల్లుతారు. పిల్లలు చున్నీలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెడతారు. మా వంటావిడ గొణుక్కుంటూ కిటికీలు మూస్తుంది. నేను మాత్రం గుమ్మంలోనే నిలబడిపోతాను. గొంతులో గరగరలాడే ఆ ఘాటు నాకు కంపనిపించదు. కొరాపుట్‌లో మా క్వార్టర్ల వెనక సందు, అందులో చొక్కా నిండా తెల్లమచ్చలతో మా సింహాద్రి మావ గుర్తొస్తాడు. ఈ ఏడు కొరాపుట్ వెళ్ళే రోజు దగ్గరపడిందని కూడా ఆ వాసనే చెబుతుంది.

మావ మాకు రక్తసంబంధం కాదు, పక్క క్వార్టరు. వాళ్ళ తాత, మా తాత విజయనగరం వైపు నుంచి పని వెతుక్కుంటూ ఈ కొండల మీదికి కలిసి వచ్చారట. అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది కనక నాకు మావ అయ్యాడు. ఊళ్ళో దోమలమందు, బ్లీచింగు నీళ్ళు కొట్టడం ఆయన ఉద్యోగం. ఏళ్ళ తరబడి మందు డబ్బా ఎడమ భుజాన మోసి మోసి, డబ్బా లేనప్పుడు కూడా కుడివైపుకి ఒరిగి నడిచేవాడు. పిల్లలం వెనకాలే ఒరిగి నడుస్తూ వెక్కిరిస్తే, "మీరూ మొయ్యండర్రా, అప్పుడు తెలుస్తాది" అని నవ్వేవాడు.

కడుపు నింపింది ఆ డబ్బా అయినా, ఆయన ప్రాణం మాత్రం బొమ్మల మీద ఉండేది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎవరికీ అమ్మలేదు, రంగులు కొన్న పాపానా పోలేదు. ఇంట్లో కనబడిన దానితో బొమ్మ వస్తుందా రాదా అని చూడటమే ఆయన సరదా. కాఫీ డికాక్షన్, నీలిమందు, బూట్‌పాలిష్, ఇటుకపొడి, దేన్నీ వదల్లేదు. కొవ్వొత్తితో గీసి పైన సిరా పూస్తే మైనం ఉన్నచోట తెల్లగా నిలిచిందని వీధంతా తిప్పి చూపించాడు. ఒకటి చేతికి వచ్చే వేళకి ఇంకొకటి మొదలుపెట్టేవాడు. ఆయన భార్య పైడమ్మత్త మా అమ్మతో మొరపెట్టుకునేది.

"పిచ్చి కుదిరింది, రోకలి తలకి సుట్టమన్నాడంట ఎనకటికొకడు. నిన్న పసుపు డబ్బా ఎత్తుకెళ్ళేడు. రేపు కూరలో కారం నేదంటే నన్నడక్కండి."

మా నాన్న మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు. మా ఇంట్లో ఆయనకి మిగిలిన ఒకే ఒక్క గుర్తు పెళ్ళి ఫొటో. కొరాపుట్ వానల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ట్రంకుపెట్టెలో బట్టలకే బూజు పడుతుంది. ఒక ఏడు ఆ ఫ్రేములోకీ బూజు దిగింది. అమ్మ అద్దం ఊడదీసి, తడిగుడ్డతో మెల్లగా తుడిచింది. బూజుతో పాటు నాన్న ముఖం గుడ్డకి వచ్చేసింది. పెళ్ళిచీరలో అమ్మ అలాగే ఉంది, ఆమె పక్కన దండ వేసుకున్న ఒక తెల్లటి మచ్చ మిగిలింది. రోజూ కళ్ళెదుట ఉండే ఫొటోనే కదా అని నేను ఏనాడూ పట్టి చూడలేదు. అమ్మ ఆ గుడ్డని ఉతకలేదు. మడిచి పెట్టెలో దాచుకుంది.

"నాను సూసుకున్నాను, నాకు సాలు. ఈ పిల్ల తండ్రి మొకం ఎరగదన్నయ్యా" అని ఆ రోజు మావ దగ్గర ఏడ్చింది.

"ఊరుకో సెల్లీ. నువ్వు సెప్పు, నాను గీస్తాను. బావని నాను మటుకు సూళ్ళేదేటి" అన్నాడు మావ.

మొదట బొగ్గుతో గీశాడు. అమ్మ ఆ అట్టని వెలుతురుకి పట్టుకుని చూసి, "ముక్కు మీ బావది కాదు. మీ బావది పక్కకి ఒంగుంటాది. సిన్నప్పుడు జట్టీలో ఎవుడో గుద్దేసేడంట" అంది. తరవాత కాఫీతో వేశాడు. మెరుపు కోసం అందులో బెల్లం కలిపాడు, మహానుభావుడు. తెల్లారేసరికి నాన్న బుగ్గల నిండా చీమలు. పైడమ్మత్త చీపురు పట్టుకుని వచ్చింది. అమ్మ చూసి, చాలారోజుల తరవాత, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "పోన్లే అన్నయ్యా, బెల్లం ఒక్కటే సరిగ్గా కుదిరింది. అన్నంలో కూడా బెల్లంముక్క నంజుకునేవోడు."

అలా వానాకాలాలు గడిచాయి. కనుబొమలు కుదిరితే గడ్డం కుదిరేది కాదు. కానీ అమ్మ "కాదు" అన్న ప్రతిసారీ దాని వెనక ఒక కబురు చెప్పేది. నాన్నకి పిల్లులంటే భయమని, కోపమొస్తే అన్నం మానేసేవాడని, నన్ను భుజం మీద వేసుకుని ట్యాంకరు కడిగేవాడని, అంతకుముందు ఆమె నాకు ఎప్పుడూ చెప్పలేదు. మా నాన్న నాకు ఆ కుదరని బొమ్మల్లోంచే పరిచయమయ్యాడు.

"నీకు రావట్నేదు కదా మావా, మానెయ్యకూడదా" అని ఒకసారి అడిగాను.

"ఈ సామానుతో రాదని తేలింది, అంతే కదమ్మీ. ఇంకో సామాను సూద్దాం" అన్నాడు.

అంత మొండివాడూ ఒకసారి డీలా పడిపోయాడు. నీలిమందుతో ఎంతో శ్రద్ధగా వేసిన బొమ్మ చూసి అమ్మ, "ఇది పరాయోడి మొకం. ఇంక ఒగ్గీ అన్నయ్యా, నాకూ గేపకం పోతంది" అంది. తనకే ఆ ముఖం చెదిరిపోతోందని అమ్మ ఒప్పుకోవడం అదే మొదలు. నాకు భయం వేసింది. ఆమె కూడా మరిచిపోతే ఇక ఆయన ఎక్కడుంటాడు? మావ అట్టని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తరవాత చాలారోజులు ఏమీ గీయలేదు.

మా క్వార్టర్ల వెనక, కొండవాలు జారకుండా కట్టిన పొడుగాటి సిమెంటు గోడ ఉంది. వానలకి పాచిపట్టి నల్లగా అయిపోతుంది. ఒక ఆదివారం పొద్దున్న మావ డబ్బా కడిగి, మిగిలిన బ్లీచింగు నీళ్ళు దాని మీద విసిరాడు. కాసేపటికి పాచి పోయి తెల్లటి చార తేలింది. ఆయన దాన్ని చూస్తూ నిలబడి, లోపలికి వెళ్ళి సున్నం కుంచె, పాత టూత్‌బ్రష్ పట్టుకొచ్చాడు. ఇక్కడ వెయ్యడానికి రంగే లేదు, ఉన్న నలుపుని తీసెయ్యడమే పని. సన్నటి గీతలు ఆ పాచి మీద నిలవలేదు. అందుకని కళ్ళూ ముక్కూ జోలికి పోకుండా, నాన్నని వెనకనుంచి తీశాడు. క్యారేజీ చేత్తో పట్టుకుని, ఎడమ భుజం కొంచెం ఎత్తి, వాలు ఎక్కి వెళ్తున్న మనిషి.

అమ్మ బిందెతో కుళాయికి వచ్చి, అది చూసి బిందె కింద పెట్టేసింది.

"ఈయనే" అంది.

"మొకం నేదు కద సెల్లీ" అన్నాడు మావ, తప్పు చేసినవాడిలా.

"రోజూ పొద్దున్న గుమ్మంలో నిలబడి నాను సూసింది ఇదే కదన్నయ్యా. ఎప్పుడైనా ఎనక్కి తిరిగేడేటి?" అని అక్కడే కూలబడి, కరువుతీరా ఏడ్చింది. కుంచె పట్టుకున్న మావ కూడా ఏడవడం నేను చూశాను.

పాచి ఊరుకోదు కదా. మళ్ళీ వానలకి నాన్న నల్లగోడలో కలిసిపోయాడు. వానలు తగ్గగానే మావ నన్ను పిలిచి, చేతికి టూత్‌బ్రష్ ఇచ్చాడు. "సెరిగిపోనాదని బెంగెట్టుకోకు. పోతే మళ్ళీ తీద్దుం" అన్నాడు. అలా ఏటేటా ఇద్దరం తీసేవాళ్ళం. మావ పోయాక కుంచె నా చేతికి వచ్చింది. ఇప్పుడు ఏటా రాయగడ నుంచి వెళ్ళి నేనే తీస్తాను.

కిందటేడు పని ముగించి అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె చూపు కాస్త మందగించింది. గోడకి దగ్గరగా వెళ్ళి చాలాసేపు చూసింది.

"బుజం మీ నాన్నదే. నడకేటమ్మీ, ఇలగ కుడిపక్కకి ఒరిగిపోనాది?"

వెనక్కి వచ్చి చూశాను. నిజమే. అది మా మావ నడక. నా చెయ్యి ఎప్పుడు అలా తిరిగిందో నాకే తెలియదు. బకెట్‌లో ఇంకా బ్లీచింగు నీళ్ళు ఉన్నాయి.

"సరిసెయ్యమంటావా అమ్మా?" అన్నాను.

"ఒద్దు" అంది అమ్మ. "ఇద్దరూ ఉంటారు."