పన్నెండుమంది సాహుకార్లు

మా ఫ్యాక్టరీలో ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయలేదు. ఆ సంగతి చాలా స్పష్టంగా చెప్పారు. పెనుకొండ దగ్గర హైవే పక్కన, కార్ల సీట్ల కింద బిగించే ఇనుప పట్టాలు చేసే ఫ్యాక్టరీ అది. నేనక్కడ నాణ్యత చూసే విభాగంలో కాంట్రాక్టు ఇంజనీరును. ఆర్డర్లు పడిపోయిన నెలలో కాంట్రాక్టు వాళ్లందరినీ క్యాంటీన్లోకి పిలిచారు. ఇది తొలగింపు కాదనీ, 'బ్రేక్' అనీ, మళ్లీ ఫోన్ చేసేదాకా ఇంట్లో విశ్రాంతి తీసుకోవాలనీ చెప్పారు. ఆ చెప్పిన పెద్దమనిషి చివర్లో, ఆశ వదులుకోవద్దన్నాడు. ఐడీ కార్డు మాత్రం గేటు దగ్గర వదిలి వెళ్లమన్నాడు.

ధర్మవరం బస్సులో కూర్చుని ఫోన్‌లో మూడు వరుసలు గీసుకున్నాను. ఏ కష్టం వచ్చినా ముందు దాన్ని వరుసల్లో పెట్టడం నా అలవాటు. నేను చేయగలిగిన పనులు, చేయలేని పనులు, చేయగలిగినా ఎవరూ డబ్బివ్వని పనులు. బస్సు దిగేసరికి మూడో వరుసే అన్నిటికన్నా పొడవుగా ఉంది.

ఇంట్లో ముందు గది మగ్గానిది. మిగిలిన చోట్లో మేం సర్దుకుంటాం. నాయన మగ్గం గుంటలోంచి లేవకుండానే, పని లేదా అని అడిగాడు. బ్రేక్ అని చెప్పాను.

"మాకు మూఢం, మీకు బ్రేకు. పోతాదిలే," అన్నాడు.

శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్లి కంటికి కనిపించకుండా పోయే రోజులను మూఢం అంటారు. అప్పుడు పెళ్లిళ్లు పెట్టుకోరు. పెళ్లిళ్లు లేకపోతే పట్టుచీరల అంగళ్లు మా దగ్గర సరుకు తీసుకోవు. నాయన దృష్టిలో ఆర్థిక మాంద్యానికి కారణం ఇదొక్కటే, అదీ తాత్కాలికం. పోయిన మూఢం వెళ్లాక కూడా చీరలు అమ్ముడుపోలేదు కదా అన్నాను. పెళ్లిళ్లు జరిగాయి గానీ అంగళ్లవాళ్లకు ఇంకా నమ్మకం కుదరలేదని సర్దిచెప్పాడు. శుక్రుడి మీద ఆయనకున్న నమ్మకం నాకు ఫోన్ చేస్తానన్న మనిషి మీద లేదు. కానీ ఇద్దరం చేస్తున్నది ఒకటే పని, ఎదురుచూడటం.

తేడా ఏమిటంటే ఆయన ఎదురుచూస్తూ నేస్తున్నాడు. బీరువాలో మడతలు పేరుకుపోయాయి. పట్టుచీర ఒకే మడతలో ఎక్కువ రోజులుంటే ఆ గీత మీద జరీ విరుగుతుంది కనుక, అమ్మ వాటిని ఎప్పటికప్పుడు విప్పి వేరే మడత పెట్టేది. అమ్ముడుపోని సరుక్కి కూడా అంత చాకిరీ ఉంటుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

మా వీధిలో సొంత మగ్గాలు కొన్నే. మిగతావన్నీ కూలి మగ్గాలు. పట్టు, జరీ సాహుకారు ఇస్తాడు, ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, ఆయన చెప్పిన రంగు, చెప్పిన అంచు నేయాలి. అడ్వాన్సు తీరేదాకా ఆ మగ్గం మీద వేరే పని ఎక్కకూడదు. అడ్వాన్సు తీరదు. తీరకుండా ఉండటానికే అది ఇస్తారు. నాయన ఇరవై ఏళ్లు అలా నేసి, ఎలాగో బయటపడి, తన డబ్బుతో తను పట్టు కొని, తనకు నచ్చిన రంగులు నేయడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఏం చేస్తారని అడిగితే నేత అని చెప్పడు. "సొంతం" అంటాడు, అదేదో డిగ్రీ అయినట్టు.

ఇప్పుడు మగ్గం మీద ఉన్నది ఆఖరి చీర. అది దిగితే కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కించడానికి పట్టు లేదు. పట్టు అంగడివాడు అరువు ఆపేశాడు. ఈ సంగతి నాయన పాత సాహుకారుకు తెలిసింది. ఒక సాయంత్రం ఆయనే ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ మెచ్చుకుని, తొందరేమీ లేదన్నాడు. "నీకు కష్టమొస్తే నేనుండా కదప్పా," అన్నాడు నాయనతో. వచ్చే నెల అమావాస్య దాటాక పడుగూ అడ్వాన్సూ తన మనిషితో పంపిస్తాననీ, ఇష్టముంటే తీసుకోమనీ చెప్పి వెళ్లాడు. మా వీధిలో మాంద్యం వల్ల బాగుపడుతున్న వ్యాపారం ఆయనదొక్కటే. మాలో అందరికన్నా ఆశావాది కూడా ఆయనే.

నాయన మగ్గంలోకి దిగి, మామూలుకన్నా నెమ్మదిగా నేశాడు. ఆ చీర త్వరగా పూర్తికాకూడదని ఆయన అనుకోవడం నేను మొదటిసారి చూశాను.

నేను రంగంలోకి దిగాను. హిందూపురంలో నిరుద్యోగులకు స్వయం ఉపాధి శిక్షణ ఉచితంగా ఇస్తున్నారని, మధ్యాహ్నం భోజనం కూడా పెడతారని తెలిసి చేరాను. శిక్షకుడు మంచి మాటకారి. ఉద్యోగం కోసం వెతకొద్దు, ఉద్యోగాలు ఇచ్చేవాళ్లుగా మారండి అన్నాడు. మా బలాలు, బలహీనతలు రాయమంటే నేను ఉపశీర్షికలతో సహా రాశాను. దాన్ని అందరికీ చదివి వినిపించాడు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, మీ ఫ్యాక్టరీలో ఏమైనా ఖాళీలున్నాయా, నా కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది అని అడిగాడు. చివరిరోజు సర్టిఫికెట్ ఇచ్చారు. నేను స్వావలంబన సాధించానని అందులో ఉంది. తిరుగు ప్రయాణం టికెట్ డబ్బులు అమ్మ ఇచ్చినవి.

చీరల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టాను. నాయన నేసే చీరల్లో రెండు రంగుల నీడ ఉంటుంది. వెలుతురు మారితే చీర మారుతుంది. ఫోన్‌లో అవన్నీ నానబెట్టిన కందిపప్పు రంగులో వచ్చాయి. చాలామంది ధర అడిగారు. చెప్పగానే దండం బొమ్మ పంపారు.

శిక్షణ జరుగుతున్న రోజుల్లోనే ఒకసారి, చీరల సంచీ భుజాన వేసుకుని హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కు వెళ్లాను. నా లెక్క సులభం. పట్టుపురుగులు పెంచేవాళ్లు అక్కడ గూళ్లు అమ్ముకుంటారు, అమ్మినవాళ్ల దగ్గర డబ్బుంటుంది. అక్కడికి వెళ్లాక తెలిసింది, డబ్బు వాళ్ల ఖాతాల్లోకి పోతుందనీ, అప్పులవాళ్లు అంతకన్నా ముందే అక్కడికి చేరతారనీ. వేలం అయిపోయి, ఖాళీ సంచులు మడిచి పక్కన పెట్టుకుని ఒకామె గోడ నీడన కూర్చుని ఉంది. సోమందేపల్లి దగ్గర పల్లె ఆమెది. మల్బరీ తోట, కాసిని గొర్రెలు. ఆ రోజు ధర బాగా పడిపోయిందని అందరూ గొణుగుతున్నారు. సానుభూతిగా, గూళ్లు ఇంటికి తీసుకుపోయి ధర పెరిగాక అమ్మొచ్చు కదా అక్కా అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆగితే లోపలుండేది ఆగుతాదా? రెక్కలొచ్చి గూడు చించుకోని పోతాది. పురుగు పంచాంగం చూడదు నాయనా."

తర్వాత సంచీలో ఏముందని అడిగింది. తీసి చూపించాను. ప్రతి చీరా విప్పించింది. వెలుతురులోకి తిప్పి తిప్పి చూసింది. బాగున్నాయని చెప్పి, ఒక్కటీ వద్దంది. వేరేవాళ్లను మనసులో పెట్టుకుని నేసిన చీరలు తనకెందుకంది. పైగా చీరకు సరిపడా డబ్బు ఒక్కసారిగా ఎవరి దగ్గరుంటుంది? వచ్చింది వచ్చినట్టే ఎరువుకూ, ఫీజుకూ పోతుంది. చీటీ కట్టినదొక్కటే వస్తువుగా మిగులుతుంది.

"మా ఊర్లో ఇత్తడి పాత్రల చీటీ నడుస్తాండాది. మిక్సీ చీటీ అయిపాయ. పట్టుచీరల చీటీ ఎవురూ ఎయ్యలేదు. నువ్వెయ్యి," అంది.

నేను వెంటనే అభ్యంతరాలు వరసగా చెప్పాను. మొదట్లోనే చీర తీసుకున్నామె తర్వాత కట్టడం మానేస్తే?

"యాడికి పోతాది? నాకు కనపడకుండా కొళాయికాడికి పోతాదా?"

నా రెండో అభ్యంతరం, మూడో అభ్యంతరం కూడా ఆ కొళాయి దగ్గరే తేలిపోయాయి.

అలా పన్నెండుమంది చేరారు. నెలనెలా కట్టాలి. మూడు నెలలకొకసారి ముగ్గురి పేర్లు తీయాలి. ఎందుకంటే పడుగు ఒకసారి ఎక్కిస్తే దాని మీద మూడు చీరలు దిగుతాయి. మొదటి ముగ్గురి పేర్లు మాత్రం మొదటి నెలలోనే తీద్దామనుకున్నాం. ఆ నెల డబ్బుతో ఒక పడుగుకు పట్టు వస్తుంది. నాయన మగ్గం సొంతంగానే ఉంటుంది.

నాయనకు ఇదంతా వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ముందు దుడ్లు తీసుకోవాల, తర్వాత వాళ్లు చెప్పింది నెయ్యాల. దీన్ని అడ్వాన్సు అంటారు రా," అన్నాడు. "ఒగ సావుకారు వద్దంటే పన్నెండుమందిని పట్టుకొస్తివి."

అది వేరు, ఇది వేరు అని తేడాలు చెప్పబోయాను. మొదటి తేడా దగ్గరే నాకే కొంచెం అనుమానం వచ్చి, పట్టు కొనడానికి బయల్దేరిపోయాను.

సోమందేపల్లి దగ్గరి ఆ పల్లెలో, మార్కెట్లో కలిసినామె ఇంటి ముందు పేర్లు తీశాం. స్టీలు చెంబులో చీటీలు వేసి ఒక చిన్నపిల్ల చేత తీయించారు. మొదటి పేరు ఆమెదే వచ్చింది. మోసం అని కొందరు అన్నారు. చెంబు ఎవరిదని ఇంకొకరు అడిగారు. అందరూ నవ్వారు. ఇక రంగులు. ఒకే పడుగు కనుక ముగ్గురూ ఒక రంగుకు ఒప్పుకోవాలి. అడ్డంగా నేసే పేక మాత్రం ఎవరిది వారికి మార్చుకోవచ్చు. ఎర్ర పడుగు మీద ఒకామె పచ్చ పేక అడిగింది, ఇంకొకామె పసుపు అడిగింది.

చీటీ వేయించినామె మాత్రం నలుపు అడిగింది.

టీవీ సీరియల్లో అత్త మీద కుట్రలు చేసే కోడలు కట్టుకున్న చీర అలాంటిదట. మంచి కోడలు కట్టుకునేవన్నీ వెలిసిపోయిన రంగులేననీ, చెడ్డదానికే మంచి చీరలిస్తారనీ ఆమె కచ్చితమైన అభిప్రాయం.

ఇంటికొచ్చి చెబితే నాయన ఒప్పుకోలేదు. శుభకార్యాలకు కట్టే చీరలు నేసే మగ్గమిది, దీని మీద నలుపు ఎప్పుడూ ఎక్కలేదన్నాడు. ఇంకే రంగైనా అడగమను అన్నాడు. నేను ఆమెకు ఫోన్ చేస్తే, పేరు వచ్చింది నాది, రంగు నాది, కుదరదంటే పన్నెండుమంది డబ్బూ తిరిగి ఇచ్చేయమంది. డబ్బు అప్పటికే పట్టుగా మారి మూలన ఉంది. పడుగుకు రంగు వేయించి, ఆఖరి చీర దిగిన మగ్గానికి ఎక్కించి, పచ్చ చీర, పసుపు చీర నాయన నేశాడు. నలుపు మాట ఎత్తితే వినపడనట్టు ఉండేవాడు. అమావాస్య దాటింది.

సాహుకారు మనిషి రెండో చీర దిగే రోజునే వచ్చాడు. పడుగు చుట్ట గుమ్మం పక్కన పెట్టి, అడ్వాన్సు కవరు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నాయన ఆ కవరు వైపు చూశాడు. మిగిలిన ఎర్ర పడుగు వైపు చూశాడు. ఆయన మనసులో ఏ లెక్క జరుగుతోందో మాకు తెలుస్తూనే ఉంది. కవరు తీసుకుంటే పన్నెండుమంది డబ్బు తిరిగి ఇచ్చేయొచ్చు, నలుపు నేయనక్కర్లేదు. మిగతా జీవితమంతా కూలి మగ్గం.

అమ్మ రాట్నం మీద పేక పట్టు కండెలకు చుడుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"రేపు సావుకారు నల్ల పడుగు ఇస్తే నెయ్యకుండా ఉంటావా?"

జవాబు సాహుకారు మనిషి చెప్పాడు, కాస్త ఉత్సాహంగానే. ఆ చుట్టలో ఉన్నది ముదురు నీలమనీ, తర్వాతది నలుపేననీ, బెంగళూరు అంగళ్లలో ఇప్పుడు అదే బాగా అడుగుతున్నారనీ.

నాయన లేచి నా ఫోన్ తీసుకుని తనే ఆమెకు చేశాడు. నేస్తాను గానీ, మొదట్లో జానెడు పసుపు పేక వేసి, ఆ తర్వాతే నలుపు మొదలుపెడతానన్నాడు. ఆ జానెడు కట్టుకునేటప్పుడు కుచ్చిళ్ల లోపలికి పోతుంది, కనపడదు అన్నాడు. అటునుంచి ఏమందో మాకు వినపడలేదు. నాయన మాత్రం, "అట్లనే తల్లీ, అట్లనే," అంటూ నిలబడ్డాడు. సాహుకారు ముందు ఆయన అలా నిలబడింది నేను ఎప్పుడూ చూడలేదు.

ఫోన్ పెట్టేశాక సాహుకారు మనిషి వైపు తిరిగి, చేతిలో పని ఉందని చెప్పాడు. అతను చుట్ట తీసుకుని వెళ్లిపోయాడు.

పసుపు జానెడు అయ్యి, నలుపు రెండు మూరలు దిగింది. నా ఫోన్‌కు ఫ్యాక్టరీ నుంచి కబురు లేదు గానీ సోమందేపల్లి నుంచి రోజూ వస్తోంది. నిన్న ఆమె వీడియో కాల్ చేసి చీర చూపించమంది. నాయన బట్ట మీదికి వంగి ఫోన్ పట్టుకున్నాడు. ఎర్ర పడుగు మీద నల్ల పేక పడి, నిప్పు చల్లారుతున్న బొగ్గులా ఉంది. నాకైతే ఆయన నేసిన వాటిలో అంత బాగున్న చీర గుర్తులేదు.

"ఇది నలుపు యాడనప్పా? మసగ్గా ఉండాది," అంది ఆమె. "ఇట్లాంటిది కట్టుకోని కుట్రలెట్ల చేస్తారు?"

కింద ఎరుపు ఉంది కనుక అలా కనిపిస్తుందని నాయన చెప్పాడు. ఆమె వినలేదు. ఫోన్ నాకిచ్చేసి ఆయన మగ్గంలోంచి బయటికొచ్చాడు, చొక్కా వేసుకున్నాడు, ఇంకా కండెలకు చుట్టని నల్ల పేక పట్టు చిలపలు సంచీలో పెట్టుకున్నాడు.

ఎక్కడికని అడిగాను.

"రంగులోళ్ల ఇంటికి," అన్నాడు. "దీన్ని ఇంగొకసారి ముంచాల. ఇంగా నలుపు కావాలంట."