కింది నుంచి మొదటి పేరు

పెళ్లయిన కొత్తలో శ్రీకాకుళం నుంచి వచ్చి బోయిగూడలోని ఒక బస్తీలో ఉండేవాళ్లం. సాఫ్ట్‌వేర్ కంపెనీలొచ్చి నగరమంతా స్థలాల ధరలు పెరిగిన రోజులవి. మా ఇళ్లు ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. బస్తీ ఆడవాళ్లమంతా సంఘం పెట్టుకున్నాం.

పదో తరగతి చదివిన నేనే అర్జీలు రాసేదాన్ని. కానీ అందరూ యాదమ్మ మాటే వినేవారు. నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆవిడ "నడువుండ్రి" అంటే పొయ్యి మీద కూర దించేసి మరీ కదిలేవారు. నేను పిలిస్తే "వస్తంలే అక్కా" అనేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. అందుకే ఇళ్ల అర్జీలో నా సంతకం అన్నిటికంటే పైన పెట్టి, యాదమ్మ వేలిముద్ర అట్టడుగున వేయించాను.

అందరం కలిసి నోటీసులిచ్చిన ఆఫీసుకెళ్లాం. ఆఫీసరు కాగితం చూసి, "మొదటి పేరు ఎవరిది? రేపు గొడవ జరిగితే కేసు ఆమె మీదే" అన్నాడు.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అంతలో వెనక నుంచి యాదమ్మ ముందుకొచ్చింది.

"కిందికెల్లి చూడు సార్. మొదటిది నాదే."

ఆఫీసరు అట్టడుగున ఉన్న వేలిముద్ర చూసి నవ్వేశాడు. వేరే ఇళ్లు చూపించేదాకా ఖాళీ చేయించబోమని అర్జీ మీదే రాసిచ్చాడు.

బయటికొచ్చాక యాదమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా ఏలుముద్ర ఆడ ఏపిచ్చి మంచి పని జేసినవక్కా."

సిగ్గుతో తల దించుకున్నాను. కానీ నిజం చెప్పాలి. అంత చక్కటి మాట చదువుకున్న నాకెందుకు తట్టలేదని ఇప్పటికీ కుళ్లుకుంటూనే ఉన్నాను.