మజ్హూల్ మంచం దగ్గర డల్సిమర్

మా చెల్లెలి కూతురు ప్రేమజ్యోతి సౌదీలో, బురైదా ఊళ్ళో నర్సు. నరసాపురం దగ్గర పుట్టి, మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, సముద్రం దాటిన పిల్ల. మనిషి పొట్టి, నవ్వు పెద్దది. ఇంజక్షన్ ఇచ్చే ముందు రోగిని ఏదో ఒక కబురులో పెట్టి, అతను జవాబు వెతుక్కునేలోపు పని ముగించేస్తుంది. ఆమె గదిలో ఒక వాయిద్యం ఉంది. దాని సంగతి చెప్పాలంటే ముందు ధహ్రాన్ వెళ్ళాలి.

ధహ్రాన్‌లో ఆయిల్ కంపెనీ కాంపౌండులో ఒక అమెరికన్ ఇంజనీరు, పక్షవాతంతో మంచం పట్టిన అతని తల్లి ఉండేవారు. ఆవిడను చూసుకోవడమే ప్రేమజ్యోతి మొదటి ఉద్యోగం. ఆ మంచం కింద సన్నగా, పొడుగ్గా, నడుము దగ్గర నొక్కినట్టుండే చెక్కపెట్టె ఒకటి ఉండేది. దాని పేరు డల్సిమర్. వాళ్ళ కొండ ఊళ్ళలో ఆడవాళ్ళు వంట ముగించి, దాన్ని ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని వాయిస్తారట. అది వింటే కోళ్ళు గుడ్లు పెట్టడం మరిచిపోతాయట. కోళ్ళ మాట ముసలావిడది కాదు, నాది. తీసేసినా కథకేం లోటు లేదు.

దానికి మూడు తీగలు. ఒకదాని మీద పాట నడుస్తుంది. మిగతా రెండూ మన తంబురాలాగా ఒకే శ్రుతి పట్టుకుని కూర్చుంటాయి. ఎడమ చేత్తో చిన్న పుల్లను తీగ మీద జారుస్తూ, కుడి చేత్తో మీటాలి. చిక్కంతా మెట్లలో ఉంది. హార్మోనియంలో నల్లమెట్లు పీకేస్తే ఎలా ఉంటుందో అలాగ, దీనికి కొన్ని స్వరాలు లేవు. ఆ కొండల పాటలకు అవి అక్కర్లేదు, మన పాటలకు కావాలి. అందుకని మనది ఏ పాట వాయించినా, లేని స్వరం దగ్గరికి వచ్చేసరికి కాలు గోతిలో పడ్డట్టయి, పాట పక్కకు తిరిగి మరొకటి అయిపోతుంది.

పోయే ముందు ముసలావిడ దాన్ని ప్రేమజ్యోతి చేతిలో పెట్టింది. బురైదా వచ్చాక, నేర్పేవాళ్ళెవరూ లేక, ప్రేమజ్యోతి తనకు తోచినవన్నీ వాయించింది. కీర్తనలు, సినిమా పాటలు, నరసాపురం సంతలో సబ్బులమ్మే వ్యాను పాట, బట్టలుతికే మిషను పని అయ్యాక కూసే కూత, విమానాశ్రయంలో అనౌన్స్‌మెంటుకు ముందు మోగే గంట. శుక్రవారాలు క్వార్టర్సులో నర్సులంతా చేరి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వేవారు. దాని శబ్దం తలుపు దాటదు. ఆ దేశంలో అది పెద్ద సుగుణం.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా మగవాళ్ళ వార్డులోకి ఒక మనిషిని తెచ్చారు. ఎడారిలో ఒంటెలకు నీళ్ళు తోలే ట్యాంకరు డ్రైవరు, ఇసుకలో పడి ఉన్నవాణ్ణి చూసి ఎక్కించుకొచ్చాడు. ఆ దేశంలో ఉండటానికిచ్చే ఇఖామా కార్డు లేదు, ఫోను లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు లేదు, మాట లేదు. మంచం తలవైపు పలక మీద అరబ్బీలో ఏదో రాశారు. ప్రేమజ్యోతి అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మజ్హూల్.

బురైదాలో మజ్హూల్ అంటే ఖర్జూరం. కాయ బొటనవేలికన్నా లావుగా, మెత్తగా ఉంటుంది, డబ్బాల మీద ఇదే మాట. ముద్దుగా పెట్టుకున్న పేరు కాబోలనుకుంది. "కొంచెం పక్కకు తిప్పుతున్నానండీ మజ్హూల్ గారూ, వీపు తుడవాలి," అంటూ కొన్నాళ్ళపాటు మర్యాదగా పిలిచింది.

హెడ్ నర్సు ఖాలిదా హైదరాబాదు మనిషి. ఒకరోజు ఆ పిలుపు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అరె ప్రేమా, పేరు కాదు అది. మజ్హూల్ అంటే ఎవరో తెల్వనోడని. ఆ ఖజూర్‌కి కూడా గందుకే ఆ పేరు."

"అయ్యో. మరి పేరు తెలియకపోతే ఏం చేస్తారండీ?"

"ఊపిరున్నంత దాక మన దగ్గరుంటడు. ఆగితే అదే పేరుతోటి మట్టిల పెడ్తరు. ఇంట్లవాళ్ళు ఫోను ఎప్పుడొస్తదా అని చూస్తనే ఉంటరు, జిందగీ మొత్తం."

ప్రేమజ్యోతి ఆ రోజు నుంచి అతన్ని మజ్హూల్ అనడం మానేసింది. డాక్టరేమో ఇక ఎక్కువ రోజులు లేవన్నాడు. అప్పటికే ఉర్దూలో, బంగ్లాలో, పష్తోలో, అరబ్బీలో పలకరించి చూశారు. ఆమె తెలుగులోనూ పలకరించింది. రెప్ప కదల్లేదు. మాటకు పలకనివాడు పాటకు పలుకుతాడేమోనని ఆమెకు తోచింది. ఖాలిదాను బతిమాలి ఒప్పించింది.

డల్సిమర్ తెచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం దుమ్ము లేచింది. కిటికీ అవతల ఆకాశం పసుపై, తర్వాత తుప్పు రంగుకు తిరిగింది. సూర్యుడు ఎటున్నాడో తెలియలేదు. వెలుతురు అన్నివైపుల నుంచీ ఒకేలా కారి, వార్డంతా ఆ రంగులో నానింది. పక్క మంచం మీద ఒక సౌదీ ముసలాయన నిద్రపోతున్నాడు. వాళ్ళింట్లో పనిచేసే ఖాసింబీ తోడుగా కూర్చుంది. ఆమెది అనంతపురం జిల్లా.

"ఏం సిస్టరమ్మా, సంకలో శవప్పెట్టె పెట్టుకోనొచ్చినావు?" అంది ఖాసింబీ.

"వాయించేదండీ పిన్నీ. ఈయన కోసం."

"రోగం కుదిరేదానికా, ముదిరేదానికా?"

ప్రేమజ్యోతి నవ్వి, మంచం పక్కన కుర్చీ వేసుకుని మొదలుపెట్టింది. లారీ డ్రైవర్ల దగ్గర విన్న పష్తో పాట వాయించింది. మనిషి కదల్లేదు. బెంగాలీల పడవ పాట, ఒక కీర్తన, ఒక జోలపాట. రాయి మీద వాన కురిసినట్టే ఉంది. విసుగొచ్చి, నరసాపురంలో ఊరేగింపు ముందు బ్యాండువాళ్ళు వాయించే హుషారు పాట అందుకుంది.

లేని స్వరం దగ్గర పాట ఎప్పటిలాగే పక్కకు తిరిగింది. ఈసారి మాత్రం మళ్ళీ దారికి రాలేదు. ఆమె వేళ్ళు ఒకే ముక్కను తిప్పి తిప్పి మీటసాగాయి. పాట ముందుకు పోకుండా గుండ్రంగా తిరుగుతోంది. అడుగు, అడుగు, ఎగురు. అడుగు, అడుగు, ఎగురు. శ్రుతి తీగలు రెండూ తీగల్లా కాక తోలు మీద కర్ర పడ్డట్టు మోగాయి.

దుప్పటి కింద కాళ్ళు కదిలాయి.

ఖాసింబీ లేచి నిలబడింది. ఆమె ముఖంలో వేళాకోళం పోయింది.

"యాడ నేర్చుకుంటివమ్మా ఇది?"

"నాకు రాదండీ ఇది. నేను వాయించేది వేరే పాట."

"ఇది మా పీర్లది. గుండం తొక్కేటప్పుడు తప్పెటోళ్ళు కొట్టేది. ఆ కాళ్ళు సూడు, కుడికాలు ముందర, ఎడంకాలు దాని ఎనక. ఈయప్ప మా పక్క మనిషే!"

పీర్ల పండగకు అక్కడ చావిడి ముందు గుండం తవ్వి నిప్పు వేస్తారు. చుట్టూ అందరూ మతం చూసుకోకుండా అడుగులేస్తారు. మొక్కుకుని కన్న పిల్లలకు పీరు పేరే పెట్టుకుంటారు.

"అయితే ఈయన ముస్లిమా పిన్నీ?"

"యామో. బొట్టు పెట్టుకునేటోళ్ళకూ అవే పేర్లు మా తావున. నువ్వు నిలపొద్దు, వాయిస్తానే ఉండు." ఖాసింబీ అతని చెవి దగ్గరికి వంగింది. "హుస్సేనప్పా... మస్తానప్పా... ఫక్కీరప్పా... పీరయ్యా..."

మెడ ఆమె వైపు తిరిగింది.

"ఆఁ... వస్తాండా," అన్నాడతను. పెదాలు కదిలింది మంచం మీదే. గొంతు మాత్రం చాలా దూరం నుంచి, ఎవరో ఎదురుగాలిలో కేకేసినట్టు వచ్చింది.

ఖాసింబీ ఊళ్ళోవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మాట వదిలింది. ఎడారిలో తప్పిపోయిన పీరయ్య ఎవరికన్నా ఎరుకేనా అని. కొంచెంసేపటికే రామాంజి అనే డ్రైవరు దగ్గర్నుంచి బదులొచ్చింది.

"గడ్డం పీరయ్యనా అక్కా? గాలిదుమారంలో గొర్లెనకాల పోయినోడు మళ్ళీ రాల్యా. పారిపోయినాడని వాళ్ళ సేటు, ఆ కఫీలు, పోలీసులకాడ హురూబ్ రాపిచ్చినాడు. ఉండు, వాళ్ళ ఇంటామె నంబరు పంపిస్తా."

ప్రేమజ్యోతి సంతోషంతో డల్సిమర్ పక్కన పెట్టేసింది. పాట ఆగింది. కాళ్ళు ఆగలేదు.

దుప్పటి తొలగించి చూసింది. అరికాళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చూస్తుండగానే బొబ్బలు లేస్తున్నాయి. పొద్దున తన చేత్తో తుడిచిన కాళ్ళే అవి, అప్పుడు గీత కూడా లేదు. వార్డులో మందుల వాసన మీద కాలిన కట్టె వాసన తేలింది. గుండె కొట్టుకోవడం చూపించే మిషను కూడా అడుగులతో కలిసి వేగం పెంచింది. డాక్టరు వచ్చి ఇంజక్షన్ ఇచ్చాడు. కాళ్ళు దాన్ని లెక్కచేయలేదు. దుమ్ముకు ఊపిరాడని రోగులు కింద బారులు తీరి ఉంటే, మళ్ళీ వస్తానని ఆయన పరుగెత్తాడు. ఈ వేగంతో గుండె ఎంతోసేపు నిలవదని ప్రేమజ్యోతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పేరు దొరికింది. మనిషి చేజారుతున్నాడు.

నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. అవతల ఆడగొంతు పలికింది. పీరయ్య భార్య గౌరవ్వ.

"బురైదా హాస్పిటల్ నుంచండీ. మీ ఆయన పీరయ్య గారు..."

"పారిపోయినాడని సెప్పిరి గదమ్మా."

"లేదండీ, నా ఎదురుగానే ఉన్నారు. కాళ్ళు ఆగడం లేదండీ. గుండం తొక్కుతున్నట్టు..."

ఫోనులో బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"తప్పెట నిలిపితిరా?" అంది గౌరవ్వ, మెల్లగా.

"ఆపేశామండీ."

"అదొకటే సాలదు. గుండంలోకి పోయినోనికి ఇంటోళ్ళు కాళ్ళ మింద నీళ్ళు పోసి, ఇంటికి రమ్మని పిలవాల. ల్యాకుంటే తొక్కుతానే ఉంటాడు, కాళ్ళు ఉన్నా ల్యాకున్నా."

"మీరు పిలవండమ్మా. నేను పోస్తాను."

ప్రేమజ్యోతి మంచినీళ్ళ జగ్గు అందుకుంది. ఫోనులో గౌరవ్వ గొంతు సవరించుకుంది.

"పీరయ్యా, పీరు సావిట్లోకి పాయ. గుండం ఆరిపాయ. ఇంగ సాలు, ఇంటికి రా."

నీళ్ళు కాళ్ళ మీద పడగానే సుయ్‌మని ఆవిరి లేచిందని ప్రేమజ్యోతి అంటుంది. పక్క మంచం తడిసి ముసలాయన అరబ్బీలో తిట్టాడని మాత్రమే ఖాసింబీ అంటుంది. ఆవిరినైతే నేను వదులుకోలేను. కాళ్ళు మాత్రం ఆగాయన్నది ఇద్దరూ ఒప్పుకుంటారు. మిషను నెమ్మదించింది. పీరయ్య కళ్ళలోకి చూపు వచ్చింది.

"గౌరీ," అన్నాడు ఫోను వైపు తిరిగి.

"ఆఁ."

"ఇందాక సావిడి ముందర బిందె ఎత్తుకోని పోతాంటివి గదా. నేను పిలిస్తే పలక్కుండా ఎందుకు ఉరికితివి?"

అవతల ఎక్కడో కోడి అరిచింది.

"సూసినా," అంది గౌరవ్వ చివరికి. "పండగ గాని దినం, సల్లారిన గుండంలో నిలబడి తొక్కుతాండావు. ఎండ మిడిమిడి కాస్తాండాది. నీకు నీడ ల్యా. సచ్చినోడేమోనని ఉరికినా."

పీరయ్య తన చేతులు ముందుకు చాపి చూసుకున్నాడు.

"సిస్టరమ్మా," అని పిలిచింది గౌరవ్వ. "ఆయప్పకు ఇప్పుడు నీడ ఉండాదా? సూసి సెప్పు తల్లీ. అబద్ధం సెప్పొద్దు."

ప్రేమజ్యోతి నేల మీద చూసింది, గోడ మీద చూసింది. లేదు. తన కాళ్ళ కింద చూసుకుంది. అక్కడా లేదు. ఆ దుమ్ము వెలుతురులో మంచానికి లేదు, కుర్చీకి లేదు, ఖాసింబీకి లేదు.

"పిన్నీ, మీ ఫోనులో లైటు వెయ్యండి," అంది.

ఖాసింబీ లైటు వేసి, అతని ముఖానికి ఎదురుగా పట్టింది. వెనక తెల్ల గోడ కాసేపు తెల్లగానే ఉన్నట్టనిపించింది. తర్వాత గడ్డం, ముక్కు, పైకెత్తిన చెయ్యి, ఒక్కొక్కటే నల్లగా వచ్చి నిలిచాయి.

"ఉందండీ," అంది ప్రేమజ్యోతి. "గోడంతా పరుచుకుని, పెద్దది పడింది."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు.

"అట్లయితే పంపియ్ తల్లీ," అంది గౌరవ్వ. "నీడతోనే పంపియ్."