యాపెంగ్‌కో వారి రక్తం

మా మేనత్త ఎపిఫానియాకి ఇంటి పేరంటే ప్రాణం. చైనా నుంచి ఓడెక్కి మా ఇలోయిలో పట్టణానికి వచ్చిన వ్యాపారి యాప్ పెంగ్‌ని జనం యాపెంగ్‌కో అనేవారట, అంటే పెంగన్న అని. అదే మా ఇంటి పేరైంది. పెళ్ళికెళ్ళినా చావుకెళ్ళినా అత్త ఈ కథ చెప్పందే కదలదు.

అందుకే నేను రమిల్ యాపెంగ్‌కోని చేసుకుంటానంటే ఇల్లు పీకి పందిరేసింది.

"ఒకే ఇంటి పేరు! వాడు నీకు అన్నవుతాడే, సిగ్గులేనిదానా! కావాలంటే రక్తం పరీక్ష చేయించు!"

చివరికి సూది భయం అత్తకే. అందుకని అత్తదీ రమిల్‌దీ ఉమ్మి చిన్న సీసాల్లో పరీక్షకి పంపాం. రమిల్‌లో సగం చైనా రక్తం తేలింది. అత్తలో సున్నా.

"మిషన్ చెడిపోయుంటుంది," అంది అత్త.

ఆదివారం రమిల్ తాత సంబంధం మాట్లాడ్డానికి వచ్చాడు. అత్త ముఖం మాడ్చుకునే పాన్సిత్ నూడుల్స్ వండి పెట్టింది. తొంభై ఏళ్ళ పెద్దాయన ఒక్క ముద్ద తిని ఆగిపోయాడు.

"అమ్మా, ఇది మా వంటాయన క్రిస్పులో చేతి రుచి! చిన్నప్పుడు తిన్నాను. ఆయన జ్ఞానస్నానానికి మా తాతే జ్ఞానతండ్రిగా నిలబడి మా ఇంటి పేరిచ్చాడు."

క్రిస్పులో అంటే అత్తకి సొంత తాత.

అత్త గరిటె పట్టుకుని నిటారుగా నిలబడింది.

"మీరు పేరిచ్చారు, మేం కడుపు నింపాం. చెల్లుకి చెల్లు. ఇంకాస్త వడ్డించనా, అన్నగారూ?"